నక్షత్రపు బొంతకు నేను రాసిన కాగితం

ఆ కాగితాన్ని ఆమె ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. గుడి పక్కనున్న హాలులో మేమంతా కుట్టుమిషన్ల ముందు కూర్చుంటే, ఆమె మధ్యలో కుర్చీ వేసుకుని, కళ్ళజోడు సవరించుకుని, బెంగళూరు నుంచి వచ్చిన ఆ ఇంగ్లీషు కాగితంలో ఒక వాక్యం తనలో తాను చదువుకునేది. కాసేపు ఆగేది. తర్వాత అందులో సగం తెలుగులో చెప్పేది. మిగిలిన సగం కావాలంటే లేచి ఆమె కుర్చీ దాకా పోయి, చేతులు కట్టుకుని, “అమ్మా, ఈ మూల ముక్క యాడ పెట్టేది?” అని అడగాలి. అలా అడిగించుకోవడం ఆమెకు కాఫీ కంటే ఇష్టం.

ఆమె మా స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. భర్త బంగారు గనుల ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి, గనులు మూతపడక ముందే మర్యాదగా రిటైరైనవాడు. మా నాన్న, మా బావ లోపలికి దిగి పనిచేసినవాళ్ళు. గనులు మూసేశాక మా బావ చాలాకాలం ఖాళీగా ఉండి, చివరికి బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. ఆ మధ్యకాలమంతా మా అక్క జాకెట్లు కుట్టి ఇల్లు నడిపింది. కానీ గని కూలీల లైన్లలో అన్ని ఇళ్ళూ ఒకేలా చితికిపోయినప్పుడు కొత్త జాకెట్టు ఎవరు కుట్టించుకుంటారు? పాతవి వదులు చేయించుకోవడం, బిగువు చేయించుకోవడం, అంతే.

అప్పుడు బెంగళూరులో దుకాణం నడిపే ఒకావిడ మా చర్చి పాస్టరు అయ్యగారిని కలిసి, కుట్టుపని వచ్చిన ఆడవాళ్ళు కావాలని అడిగింది. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో మిగిలిన చొక్కా బట్టల ముక్కలు మూటలుగా పంపుతుంది, వాటితో బొంతలు ఎలా కుట్టాలో ఒక కాగితం పంపుతుంది, అయ్యాక వచ్చి చూసుకుని తీసుకుపోతుంది. సంఘంలోని పదిమంది ఇళ్ళలో పొయ్యి వెలిగింది ఆ పనితోనే. మా అక్క ఇల్లు కూడా.

మాకు బొంత కొత్త కాదు. మా అమ్మ కాలం నుంచీ పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ వచ్చేవాళ్ళం. దానికి కొలత లేదు, కాగితం లేదు. చీర ఎంతుంటే బొంత అంత. ఇది వేరే. చిన్న చిన్న చదరాలు, త్రికోణాలు కోసి, జతచేసి, ఒక్కొక్క నక్షత్రం తయారుచేయాలి. ఆ నక్షత్రాలను వరుసల్లో కలిపి చుట్టూ పట్టీ వేయాలి. ఒక ముక్క కొంచెం పెద్దదైతే పక్క ముక్కతో కలవదు.

మా అక్క తప్పు అక్కడే జరిగింది. మా వైపు జాకెట్టు కుట్టడం నేర్చిన ఏ ఆడమనిషైనా చేసే తప్పు అది. మేము కొలత తీసుకుంటాం, సుద్దతో గీస్తాం, కానీ గీత మీద కత్తెర పెట్టం. గీతకు బయట ఒక వేలెడు బట్ట వదిలి కోస్తాం. రేపు ఆ మనిషికి ఒళ్ళు వస్తుంది, లేదా కడుపు పండుతుంది. అప్పుడు జాకెట్టు విప్పి వదులు చేయాలి. లోపల బట్ట వదలని కుట్టుపనిమనిషిని ఊళ్ళో ఎవరూ క్షమించరు. బొంత కాగితంలో అలా కాదు. రాసిన కొలతలోనే కుట్టులోకి పోయే బట్ట కలిసి ఉంటుంది, ఇంక బయట ఏమీ వదలకూడదు. ఆ సంగతి అక్కకు ఎవరూ చెప్పలేదు. అధ్యక్షురాలు చెప్పకుండా ఉంచుకున్న సగంలో అది ఉండిపోయింది. అక్క ప్రతి ముక్కకూ తన వేలెడు బట్ట కలిపి కోసింది.

ఆ సాయంత్రం నేను రాబర్ట్‌సన్‌పేటలో నేను పాఠాలు చెప్పే బడి నుంచి నేరుగా హాలుకు వచ్చాను. అధ్యక్షురాలు అక్క వెనకే నిలబడి ఉంది. “కోయమ్మా, కోయి. చేయి బాగా తిరుగుతా ఉండాది నీకు,” అంటూ ఉంది. సుద్దగీత ఒకచోట, కత్తెర ఒకచోట పోతూ ఉంటే, చేతిలో ఆ కాగితం ఉన్న మనిషికి కనిపించకుండా ఉండదు. ఆమె చూసింది. ఆపలేదు. ఎందుకు ఆపలేదని చాలామంది నన్ను తర్వాత అడిగారు. అక్క సంఘంలో ఎవరినీ అడగకుండా పని చేసుకునే మనిషి, కుర్చీ దగ్గరికి పోయి చేతులు కట్టుకోని మనిషి. నాకు తెలిసిన కారణం అదొక్కటే.

అక్క నక్షత్రాలు పెద్దవై, మిగతావాళ్ళు కుర్చీ దగ్గర కొలత దిద్దించుకుని కోసిన పట్టీలతో కలవలేదు. అక్క లాగి, సర్ది, ఎలాగో కలిపింది. బొంత నిండా గుబ్బలు లేచాయి. దుకాణం ఆవిడ వచ్చిన రోజు అధ్యక్షురాలు ఇద్దరి చేత ఆ బొంత కొసలు పట్టించి అందరి ముందూ పైకెత్తించింది.

“చూడండి మేడం,” అంది, “బొంత కుట్టమంటే మా సోదరి సైనైడ్ దిబ్బ కుట్టింది.”

హాలు కిటికీలోంచి చూస్తే, సైనైడుతో బంగారం తీసేసి గనులవాళ్ళు పోసిన ఆ మట్టి దిబ్బలు కనిపిస్తాయి. గాలి లేచినప్పుడు వాటి దుమ్ము మా అన్నంలో పడుతుంది. అందరూ నవ్వారు. దుకాణం ఆవిడ కూడా నవ్వింది.

అంతటితో ఆపినా నేను మరిచిపోయేదాన్నేమో. ఆ వారం స్త్రీల ప్రార్థనలో ఆమె కళ్ళు మూసుకుని, చేతులెత్తి, “ప్రభువా, మా సోదరి చేతులకు క్రమం నేర్పించు తండ్రీ. నీ మందిరం పనిలో ఆమె చూపిన అజాగ్రత్తను మన్నించు తండ్రీ,” అని గట్టిగా ప్రార్థించింది. ముఖం మీద తిడితే తిరిగి తిట్టవచ్చు. దేవుడితో చెబుతున్నప్పుడు మధ్యలో ఏమంటాం? అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. పక్కన అక్క కొంగుతో ముఖం కప్పుకుని ఉంది. ఆమె కూడా ఆమెన్ అనింది. అది నాకు ఇంకా మంటగా ఉంది.

మరుసటి వారం అక్క మిషన్ దగ్గర ఇంకొకామె కూర్చుంది. కొళాయి దగ్గర అక్కకు ‘దిబ్బక్క’ అని పేరు పడింది. ఆమె కత్తెరను పాతబట్టలో చుట్టి అటక మీద పెట్టేసింది. జాకెట్లు వదులు చేయమని వచ్చినవాళ్ళను కూడా వెనక్కి పంపేది. “చేయి తిరగదమ్మా, ఇంకెవరికైనా ఇయ్యి,” అనేది. ఆదివారం గుడిలో మేము చిన్నప్పటి నుంచీ కూర్చునే బెంచీ వదిలేసి, తలుపు పక్క ఆఖరి బెంచీకి పోయింది. అటక మీది కత్తెరను ఆమె మళ్ళీ దించాలి. నాకు కావలసింది అది. దానితో పాటు ఇంకొకటి కూడా కావాలి. ఆ కుర్చీ.

పగ దేవునికి విడిచిపెట్టాలని సండే స్కూల్లో పిల్లలకు నేనే నేర్పిస్తాను. విడిచిపెట్టలేదు. లేఖనంలో శత్రువుల మీద మొరపెట్టిన ప్రార్థనలు కొన్ని ఉన్నాయి, పిల్లలకు వాటిని నేర్పించం. అవన్నీ వెతికి వెతికి చదువుకున్నాను. దేవుడు పగ తీర్చేటప్పుడు ఎవరో ఒకరిని పనిముట్టుగా వాడుకుంటాడు కదా, నన్నే వాడుకో అని ఆయనతో వాదించాను. ఆయన అడ్డు చెప్పలేదు.

మొదట సమాజం మీటింగులో లేచి నిలదీద్దామనుకున్నాను. కానీ మాటల్లో ఆమెను ఎవరూ గెలవలేరు, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెడుతుంది. తర్వాత ఆలోచించాను. ఆమె బలం భర్త ఉద్యోగంలో లేదు, అది ఎప్పుడో పోయింది. పదవిలో కూడా లేదు. ఆ చెప్పని సగం వాక్యంలో ఉంది. అది అందరికీ తెలిసిపోతే ఆ కుర్చీ ఉత్త కుర్చీ.

ఒక శనివారం బడికి సెలవు పెట్టి, మారికుప్పం నుంచి వచ్చే పొద్దుటి రైల్లో గార్మెంట్ ఫ్యాక్టరీ పిల్లలతో పాటు నిలబడి బెంగళూరు పోయాను. దుకాణం ఆవిడ నన్ను గుర్తుపట్టింది.

“కాగితం కాపీ కావాలా? మీ అధ్యక్షురాలే చెప్పింది కదా, మీ వాళ్ళకు చదవను రాదు, ఒకటి పంపిస్తే చాలని.”

“వాళ్ళకు ఇంగ్లీషు రాదు మేడం. తెలుగు బాగా వస్తుంది.”

“ఇంక మీకొచ్చే పని కూడా నక్షత్రమేనమ్మా, కొంచెం పెద్దది. తప్పుల్లేకుండా వస్తే నాకు అంతే చాలు,” అంటూ ఆవిడ ఒక కాపీ తీసి ఇచ్చింది. తిరుగు రైల్లో కూర్చోవడానికి చోటు దొరికినా ఆ కాగితం తెరవలేదు. ఆకలిగా ఉన్నప్పుడు పొట్లం ఇంటికి తీసుకుపోయినట్టు ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక తెరిచి చదివితే నాకే తల తిరిగింది. బట్టలకు ఎ, బి, సి అని పేర్లు పెట్టారు. కోసిన ముక్కలకూ ఎ, బి, సి అనే పేర్లు. ఎ బట్టలోంచి బి ముక్క కోయాలట. బొంత మొత్తానికి కావలసినవన్నీ మొదటి పేజీలోనే కోసెయ్యమన్నారు, అవి ఎక్కడ పెట్టాలో మూడో పేజీలో గాని చెప్పరు. “పైన చెప్పినట్టే మిగతావీ చేయండి” అని ఒక మాట. ఏ పైన? కొలతలోనే కుట్టు బట్ట కలిసి ఉందన్న సంగతి, మా అక్కను ఆఖరి బెంచీకి పంపిన సంగతి, ఆఖరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఈ కాగితం రాసిన మనిషి మీద కూడా నాకు కోపం వచ్చింది. కానీ ఆ మనిషి ఏదో దూరదేశంలో ఉంటాడు. అందనివాళ్ళ మీద కోపం దండగ. దాన్ని కూడా అందేవాళ్ళ మీదికే మళ్ళించుకున్నాను.

నేను మొదట చేసిన తెలుగు నాకు చాలా గొప్పగా అనిపించింది. ‘నీలవస్త్రమును చతురస్రముగా ఖండించి, త్రికోణ ఖండములతో సంధింపవలెను’ అని సాగింది. వేమగల్ ఫ్యాక్టరీ నుంచి డ్యూటీ దిగి వచ్చిన మా ఆయనకు, మా అత్తకు గట్టిగా చదివి వినిపించాను. మా అత్తది బూదికోట. జీవితమంతా చీరల బొంతలు కుట్టిన మనిషి. ఆమె ఆకు నములుతూ చివరిదాకా విన్నది.

“ఇది బొంత కుట్టేదానికా, ప్రత్యక్ష గుడారం కట్టేదానికా?” అంది.

మా ఆయన నవ్వి, నా చూపు చూసి లోపలికి పోయాడు.

మంట పుట్టినా, ఆ మాట నాతోనే ఉండిపోయింది. లేచి పోయి నిజంగానే, అడవిలో దేవుడు తన కోసం కట్టించుకున్న ఆ ప్రత్యక్ష గుడారం తెరల గురించి బైబిల్లో ఉన్న అధ్యాయాలు తీసి చదివాను. చిన్నప్పటి నుంచీ కొలతల మీద కొలతలని దాటేసి పోయిన భాగం అది. ఆ రోజు ఒక కుట్టుపని కాగితంలా చదివాను. దేవుడు మొదట మొత్తం ఎలా ఉండాలో కొండ మీద చూపించాడు. తర్వాతే కొలతలు చెప్పాడు. తెరకు ఎ అని, బి అని పేరు పెట్టలేదు. నీలం, ధూమ్రం, ఎరుపు అని రంగు చెప్పాడు. మూర అన్నాడు, అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా, ఎవరి చేతికి వాళ్ళది ఉండే కొలత. ఒక తెర పూర్తిగా చెప్పాకే దాన్ని ఇంకొకదానితో కలపమన్నాడు. అడవిలో గుడారాల కింద బతుకుతున్న మనుషులకు అర్థం కావాలి కాబట్టి అలా చెప్పాడు. పరలోకంలో ఉన్నవాడికి లేని గర్వం మా హాలులో కుర్చీలో కూర్చున్న మనిషికి ఎందుకుండాలి? ఆ ఆలోచనతో నా పగకు దేవుని పక్షం దొరికినట్టయింది. మళ్ళీ మొదటి నుంచి రాశాను.

ముందు పూర్తయిన నక్షత్రం బొమ్మ గీశాను. అక్షరాల బదులు ఆ బట్ట ముక్కలే చిన్నవి కత్తిరించి కాగితానికి అంటించాను. నీలం చోట నీలం, గళ్ళ బట్ట చోట గళ్ళ బట్ట. ముక్కలకు చేసే పనిని బట్టి పేర్లు పెట్టాను. నడుమది ‘నడుమ’, మూలలవి ‘మూలలు’, నక్షత్రం మొనలు తయారుచేసేవి ‘మొనలు’. బొంత మొత్తం ఒకేసారి కోయమనలేదు. ఒక నక్షత్రానికి కోసి, కుట్టి, చూసుకుని, అది సరిగ్గా వచ్చాకే మిగతావి కోయమన్నాను. ఒక్కో వరుసలో ఒక్కటే పని. “పైన చెప్పినట్టే” అన్న మాట ఎక్కడా లేదు. మళ్ళీ చెప్పాల్సి వస్తే మళ్ళీ చెప్పాను.

ఆ కాగితం పట్టుకుని అక్క ఇంటికి పోయాను. “ఒక్క నక్షత్రం కోసి ఇయ్యక్కా. ఎవరికీ చూపించను,” అన్నాను.

“నాకొద్దులే. నా చేతికి శాపం తగిలింది.”

“శాపం కాదు, జాకెట్టు తగిలింది నీ చేతికి,” అని ఆఖరి పేజీ అడుగున ఉన్న సంగతి చెప్పాను.

“ఆమెకు తెలుసునా?”

“ఆమె చేతిలోనే కదా ఉండింది కాగితం.”

“చూస్తా ఉండి కూడా చెప్పలేదే,” అంది అక్క. కోపంగా కాదు, లెక్క తేలక ఆగిపోయినట్టు అంది. ఆమె వాటా కోపం కూడా నేనే తీసుకున్నాను.

నా చేతిసంచీలో ఉన్న కత్తెర ఇచ్చాను. అక్క కాగితం చూసింది, కొలిచింది, సుద్దతో గీసింది. తర్వాత గీతకు బయట వేలెడు వదిలి కోసింది. ఇప్పుడే చెప్పాను కదా అని అరవబోయి ఆగాను. ఆమె కూడా తన చేయి చూసుకుంటూ ఉంది.

“తెలిసినా పోతా ఉండాది చూడు అటే,” అంది.

బట్ట ఎక్కువ కోయవద్దని నేను రాశాను, నిజమే. కానీ కోసే వరుస అయిపోయాక రాశాను. కత్తెర ఆడిపోయాక చెప్పే మాట ఎవరికి పనికొస్తుంది? ముందు చెప్పినా, ఏళ్ళ అలవాటు చెవి మాట వినదు. గీత గీసే పనే లేకుండా చేయాలి. రాబర్ట్‌సన్‌పేట బజారులో బట్టల దుకాణం శెట్టిగారిని అడిగి చొక్కా పెట్టెల అట్టలు తెచ్చుకున్నాను. నడుమకు ఒక అట్ట, మూలకు ఒకటి, మొనకు ఒకటి, సరిగ్గా కోసే కొలతకు కత్తిరించాను. అట్ట మీద లోపలగా ఎర్ర గీత గీశాను, అక్కడ కుట్టు. అట్ట బట్ట మీద పెట్టి, అంచుకు ఆనించి కోయడమే. కాగితంలో అన్నిటికంటే పైన, బొమ్మ కంటే కూడా పైన, పెద్ద అక్షరాలతో ఒక వరుస రాశాను. ‘బొంతకు ఒళ్ళు రాదు. బయట బట్ట వదలొద్దు.’

అది చదివి అక్క నవ్వింది. హాలు వదిలాక నేను చూసిన మొదటి నవ్వు. అట్ట పెట్టి కోసింది, తన ఇంట్లో ఉన్న పాత మిషన్ మీద కుట్టింది. నక్షత్రం మొనలు సూదిలా వచ్చాయి. హాలుకు రమ్మన్నాను. రానంది.

“ఆమెను కొట్టేదానికి నన్ను కర్ర చేసుకోవద్దమ్మా నువ్వు,” అంది.

నేను అట్టలన్నీ ఏరి సంచీలో పెట్టుకున్నాను.

కొత్త మూటలు వచ్చిన రోజు అధ్యక్షురాలు ఎప్పటిలాగే కుర్చీ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి వాక్యం తనలో తాను చదువుకుంది. ఆమె ఆగిన ఆ కాసేపట్లో నేను లేచి ఒక్కొక్క మిషన్ దగ్గర ఒక కాగితం, ఒక అట్టల కట్ట పెట్టుకుంటూ పోయాను. మొదటి వరుస చదివి ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. “అవునే, బొంత కడుపుతో ఉంటాదా యాడన్నా?” అని ఒకామె అనేసరికి హాలంతా నవ్వు. ఆ నవ్వులోనే వాళ్ళకు విషయం ఎక్కిపోయింది. ఒకామె నవ్వుతూ నవ్వుతూ ఆగి, “అయితే ఆ పొద్దు అక్క చేసింది...” అని, మాట మింగి, కుర్చీ వైపు చూసింది. అందరూ చూశారు. ఆ చూపు కోసం నేను ఎంతకాలం ఆకలిగా ఉన్నానో చెప్పలేను. కడుపు నిండింది.

“ఏమిది?” అంది అధ్యక్షురాలు. “సమాజం అనుమతి లేకుండా దేవుని మందిరంలో కాగితాలు పంచేది ఏం పద్ధతమ్మా? ఏమైనా తప్పు రాసింటే ఎవరు జవాబు చెప్పేది?”

“తప్పుంటే చూపించండమ్మా. మీ దగ్గర ఇంగ్లీషుది ఉండాది కదా, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. అందరి ముందర.”

ఆమె చదవలేదు. అయ్యగారిని పిలిపించింది. అయ్యగారు మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించడు, అందుకే ఎవరికీ ఉపయోగపడడు అని నేను అనుకునేదాన్ని. ఆయన వచ్చి రెండు వైపులా విన్నాడు. నేను ఒకటే అడిగాను.

“అయ్యగారూ, మొదట్లో మిషనరీ దొరలు వచ్చినప్పుడు బైబిలు వాక్యం ఇంగ్లీషులోనే పెట్టుకుని, సగం సగం చెప్పి, మిగతాదానికి మా కుర్చీ దగ్గరికి రండి అనింటే, మనం ఈ రోజు ఈ గుడిలో ఉండేవాళ్ళమా?”

ఆయన నా కాగితం తిప్పి చూశాడు. అంటించిన బట్ట ముక్కలను వేలితో తడిమాడు. “అర్థమయ్యేటట్టు రాసింటే తప్పేమమ్మా,” అన్నాడు, అధ్యక్షురాలి ముఖం చూడకుండా. “చదువుకోనీండి.”

చదువుకున్నాం. ఆరాధనలో ఉత్తరవాక్యాలు చదివినట్టే, నేను ఒక వరుస, వాళ్ళందరూ ఒక వరుస. చదవను రానివాళ్ళకు పక్కవాళ్ళ గొంతు ఉంది. చదివిన వరుసకు పని పూర్తయ్యేదాకా తర్వాతి వరుసకు పోలేదు. సాయంత్రానికి ప్రతి మిషన్ మీదా ఒక నక్షత్రం ఉంది. అధ్యక్షురాలు కుర్చీలోనే ఉంది. ఆ రోజు ఒక్కరు కూడా ఆమె దగ్గరికి పోయి చేతులు కట్టుకోలేదు. ఆమె రెండుమూడుసార్లు గొంతు సవరించుకుంది. ఒకసారి, “మూలలు జాగ్రత్తమ్మా,” అంది. “చూసినాం లేమ్మా, కాగితంలో ఉండాది,” అన్నారు ఎవరో, తల ఎత్తకుండా. వారం తిరిగేసరికి ఆ కుర్చీ మీద ఎవరో కోసిన ముక్కల గంప పెట్టడం మొదలుపెట్టారు. ఆమె వస్తే తీసేవాళ్ళు. తర్వాత తీయడం కూడా మానేశారు. అది నేను చెప్పి చేయించింది కాదు. కానీ ఆపలేదు.

ఆమెకు ఆ శిక్ష సరిపోయిందా అని అడిగితే, లేదు. నాకు ఇంకా కావాలి. ఆమె కూడా కుర్చీ దిగి చాప మీద కూర్చుని, సూదిలో దారం ఎక్కించి, తప్పు కుట్టి, విప్పి, మళ్ళీ తప్పు కుట్టాలి. అది నేను కళ్ళారా చూడాలి.

కుట్టడం తొందరగా సాగుతుంటే కోయడం వెనకబడింది. అక్క స్థానంలో కూర్చున్నామె చేయి నిదానం. ఒకనాడు ఆ ఆడవాళ్ళే బట్టల మూట ఎత్తుకుని అక్క గుమ్మం దాకా పోయారు. “అక్కా, కోసేవాళ్ళు లేక మిషన్లు ఊరికే ఉండాయి. రా,” అన్నారు. దిబ్బ అన్న మాట ఎవరి నోటా రాలేదు. నేను వాళ్ళ వెనకాల నిలబడి ఉన్నాను. అక్క ముందు నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను. ఆమె లోపలికి పోయి స్టూలు ఎక్కి అటక మీద నుంచి కత్తెర దించింది.

హాలులో అక్క నేల మీద చాప పరుచుకుని, బట్ట మడతలు వేసి, అట్ట ఆనించి కోయడం మొదలుపెట్టింది. అధ్యక్షురాలు అప్పుడే వచ్చింది. కుర్చీ నిండా గంప ఉంది. ఎవరూ లేవలేదు. ఆమె వచ్చి, ఆనాడు నిలబడినట్టే, అక్క వెనక నిలబడింది. నా మిషన్ ఆగిపోయింది. అక్క కత్తెర కూడా ఆగింది. ఇప్పుడు అక్క నోట ఆ మాట రావాలి, ఇన్నాళ్ళూ నేను ఆమె కోసం సిద్ధం చేసి పెట్టిన మాటల్లో ఏదో ఒకటి రావాలి అని నేను మనసులో మొరపెట్టుకున్నాను.

అక్క వెనక్కి తిరిగి చూసింది. “నిలబడుకోవద్దమ్మా, వెలుతురుకు అడ్డం వస్తా ఉండారు,” అంది. “కూర్చోండి. మొనలు జత చేసేది మిగిలిపోయింది.”

మొనల కట్ట ఒకటి ఆమె వైపు నెట్టింది. దాని మీద నా కాగితం పెట్టింది.

అధ్యక్షురాలు చీర సర్దుకుని చాప మీద కూర్చుంది. ఆమె కింద కూర్చోవడం మేమెవ్వరం చూడలేదు. కళ్ళజోడు పెట్టుకుని కాగితం పైనుంచి చదివింది, పెదవులు కదులుతూ. బొంతకు ఒళ్ళు రాదు అన్న వరుస దగ్గర ఆమె పెదవులు ఆగాయి. చదివి కిందికి పోయింది. సూది తీసుకుంది. ఆమె కుట్టడం నేను ఎప్పుడూ చూడలేదు, రాదేమో అని నా ఆశ. నా పని వదిలేసి ఆమె చేతులే చూస్తూ కూర్చున్నాను. ఎర్ర గీత తప్పుతుందని చూశాను. మొన వంకర పోతుందని చూశాను. త్రికోణం తలకిందులు పెడుతుందేమో, అక్కడ ఎవరైనా తికమకపడతారేమో అని నాకే అనుమానం ఉండి, బొమ్మలో బాణం గుర్తు వేశాను. ఆమె ఆ బాణం చూసి, ముక్క తిప్పి, సరిగ్గా పెట్టింది.

ఆమె కుట్టి పెట్టిన మొదటి మొన నేను లేచి పోయి తీసుకున్నాను. అట్ట పెట్టి చూశాను. నాలుగు వైపులా తిప్పి తిప్పి చూశాను. నూలుపోగంత కూడా తేడా లేదు.

“ఎట్లుండాది?” అని అడిగింది అక్క.

నేను దాన్ని చాప మీద పెట్టేశాను. అక్క చేతిలోకి తీసుకుని చూసి, “బాగుండాదమ్మా,” అని ఆమెతోనే చెప్పి, ఇంకొక కట్ట అటు నెట్టింది. నేను నా మిషన్ దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఆ సాయంత్రం ఆమె కుట్టిన ప్రతి ముక్కా నేనే చూశాను. అన్నీ కలిశాయి.